మీసం తీయనన్న రోజు

2022 ఎండాకాలం. అమీర్‌పేట నుంచి పంజగుట్ట పోయే రోడ్డు వెనక గల్లీలో మా కటింగ్ షాపు. రెండు కుర్చీలు, ఏడో తరగతిలో బడి మానేసిన నేను, హాస్టల్ కుర్రాళ్లు. కోచింగ్ సెంటర్లు వాళ్ల తల లోపల నింపుతుంటే, నేను బయట ఖాళీ చేస్తుంటాను.

ఓ పొద్దున తొమ్మిదింటికి ప్రవీణ్ వచ్చాడు. ఇరవై నాలుగేళ్లు, కొరియర్ ఆఫీసులో పని.

"గుండు కొట్టన్నా. మీసం సుత తియ్యి."

"ఏందిరా, పిల్ల కాదన్నదా?" నా నోటికి తాళం ఉండదు.

"యాదగిరి మామది ఇయ్యాల పదో దినం."

యాదగిరి మా గల్లీ ఆటో డ్రైవర్. పోయాడని తెలుసు, రోజులే గుర్తు పెట్టుకోలేదు. ప్రవీణ్‌కు మూడేళ్లప్పుడు వాళ్ల నాన్న పని కోసమని ముంబై వెళ్లి మళ్లీ రాలేదు. బతికున్నాడో లేడో ఎవరికీ తెలియదు. యాదగిరి చుట్టం కూడా కాదు, పక్కింటివాడు. అయినా వీడికి బడిలో సంతకం, సైకిల్ తొక్కడం, అన్నీ ఆయనే. మీసాలు మొలిచినప్పుడు నా దగ్గరికి తెచ్చి, "నేను గీస్తే పోరని చెంప తెగుతది, జర నువ్వే నేర్పు" అని షేవింగ్ అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు.

ఆయనకు ఇద్దరూ ఆడపిల్లలే. కర్మ తమ్ముడి కొడుకు చేస్తున్నాడు.

"గుండు, మీసం తీయించుకొని వస్తే వరుసల నిలవడి నీళ్లు ఇడువుమన్నరన్నా. పదకొండింటికి."

ముందు జీరో మెషిన్, అంటే వెంట్రుకను మొదలంటా తీసేది, తిప్పి, తర్వాత రేజర్‌తో గుండు చేశాను. మీసం దగ్గర చెయ్యి ఆగింది. తండ్రి ఉన్నవాడికి మీసం తీయకూడదని మా పనిలో ఒక పట్టింపు.

"మీ నాయన ఏడనో ఉన్నడేమోరా."

"ఉంటే నాకేంది?"

"మీ అమ్మనొకసారి అడుగుదాం."

అడగకుండా ఉండాల్సింది. ఆమెది భీమవరం వైపు. ఫోన్‌లోనే ఏడ్చింది.

"అన్నయ్య గారూ, మీసం తీయకండి. గుండంటే మొక్కు అనుకుంటారు. మీసం కూడా తీస్తే మా ఆయన పోయారనే కదా. రేపు నేను బొట్టు పెట్టుకుని వీధిలోకి ఎలా వెళ్లను?"

ప్రవీణ్ అద్దంలో నన్నే చూస్తున్నాడు. "అన్నా, ఆయన మొఖం సుత నాకు యాదికి లేదు. తియ్యి."

"పాపం నాకు చుట్టుకుంటదిరా. ఏం ఫికర్ చేయకు, గుండు చూస్తరు గానీ మీసం ఎవడు చూస్తడు?" అని మెడకు చుట్టిన గుడ్డ విప్పేశాను.

ఒంటిగంటకు తిరిగొచ్చాడు. బట్టలు తడవలేదు.

"మీసం చూసి, నీ నాయన ఉన్నడు గదా, నువ్వు జరుగు అన్నరు. దూరంగ, వచ్చినోళ్ల కార్ల కాడ నిలబడ్డ."

కొత్త బ్లేడు ఎక్కించాను. "కూసో. ఇప్పుడు తీస్త. అమ్మకు నేను చెప్త."

"ఇప్పుడు ఎవరి కోసం, అన్నా?" అని మెట్లు దిగిపోయాడు.

ఆ తర్వాత మీసం తీయమని ఎవరొచ్చినా, ఎవరు పోయారని అడగను, ఎవరికీ ఫోన్ చేయను. ఎవరికి ఎవరు తండ్రో తేల్చే పని నాది కాదని నేర్చుకున్నాను. నేర్చుకుని ఏం లాభం, యాదగిరికి ఇంకో పదో రోజు రాదు.

ప్రవీణ్ ఇప్పుడు మధురానగర్‌లో కటింగ్ చేయించుకుంటున్నాడు. మొన్న సిగ్నల్ దగ్గర కనిపిస్తే ఓ జోక్ వేశాను. మర్యాదకు నవ్వాడు. అలా నవ్వే కస్టమర్లు నాకు తెలుసు, వాళ్లు మళ్లీ రారు.