సముద్రానికి పటిక తిప్పాను

చాలా ఏళ్ళుగా నా గుండెల మీద ఒక బండ ఉంది. మాటవరసకి అనడం లేదు. ఆ బండ మా ముందుగదిలోనే ఉంది, మార్టూరులో పాలిష్ పట్టించి తెప్పించిన నల్ల గ్రానైటు పలక. దాని మీద మనిషి పడుకునేంత గాజుతొట్టి. తొట్టిలో ప్రస్తుతం నా ఊరగాయ జాడీలున్నాయి. ఒకప్పుడు అందులో సముద్రం ఉండేది. ఆ సముద్రం ఏమైందో నాకొక్కదానికే తెలుసు. ఇవాళ మీకు చెప్తాను.

ఇది పత్రికకి పంపుతున్నాను, పేరు రాయను. మా ఊరు గుంటూరు, అంతవరకే.

ముందు ఒక మాట. మాది క్రైస్తవ కుటుంబం. చెవిలో పాపాలు చెప్పించుకుని పంపించే ఏర్పాటు మా సంఘంలో లేదు, నేరుగా దేవుడికే చెప్పుకోవాలి. చెప్పుకున్నాను. ఆయన వినే ఉంటాడు. కానీ విన్నది తీసుకెళ్ళి మా వదినకి చెప్పడుగా! మా పాస్టరు అయ్యగారు ఉప్పు మీద ప్రసంగం మొదలుపెట్టిన ప్రతి ఆదివారం నేను బెంచీ మీద కుదురుగా కూర్చోలేకపోతున్నాను. పక్కావిడ చీమలున్నాయేమోనని లేచి దులుపుకుంటుంది.

నేను నోరున్న మనిషిని. రేషను షాపువాడితో, బస్సు కండక్టరుతో, శ్రుతి తప్పిన కొయిరుతో, చివరికి అయ్యగారి ప్రసంగంతో కూడా వాదన పెట్టుకున్నదాన్ని. ఉన్నమాట మొహం మీద అంటానని నాకు పేరు. ఆ పేరు నేనే పెట్టుకున్నాను, అది వేరే సంగతి. మరి అంత నోరు ఆ ఒక్కరోజు ఏమైంది?

మావారు కాలేజీలో జువాలజీ లెక్చరరు. ఏటా పిల్లల్ని రామేశ్వరం దగ్గర మండపం ఊరు తీసుకెళ్ళి సముద్రజీవాల్ని చూపించి తీసుకొచ్చేవారు. అందరు లెక్చరర్లూ చచ్చినవాటిని సీసాల్లో తెస్తే, ఒక ఏడు ఈయన బతికున్నవాటిని తెచ్చారు. నారింజరంగు ఒంటి మీద తెల్లపట్టీల చేపలు, అవి కాపురముండే సముద్రపు పువ్వు, కొన్ని పగడపు రాళ్ళు. పువ్వంటే ఆయనకి కోపం, అదీ జంతువేనట. రైల్లో ప్లాస్టిక్ సంచులు ఒళ్ళో పెట్టుకుని వచ్చారు. మా పెద్దాణ్ణి ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చినప్పుడు కూడా అంత భద్రంగా పట్టుకోలేదు.

ఎండాకాలం మనుషులే బతకలేని ఊళ్ళో అవి నాలుగు రోజులు కూడా ఉండవనుకున్నాను. ఉన్నాయి. ట్రంకుపెట్టె అంత తొట్టిలో, మా పడకగదిలో, బుడగల మోత మధ్య బతికాయి. సూర్యలంక నుంచి ఎవరో ఒక పాత శిష్యుడు సముద్రపు నీళ్ళు తెచ్చి పోసేవాడు. నేను వాటిని పట్టించుకోలేదని అందరికీ చెప్పేదాన్ని. కానీ ఒక చేప ఉండేది. నేను గదిలో ఎవరితోనైనా గొడవపడుతుంటే గాజు దగ్గరికి వచ్చి నిలబడి నోరు తెరిచి మూసేది. అచ్చం మావారిలాగే. వాదించాలని ఉంటుంది, మాట రాదు. దాన్ని చూస్తే నాకు నవ్వొచ్చేది. అది ఆకలికేమోనని చిటికెడు మేత ఎక్కువ వేసేదాన్ని. ఈ సంగతీ ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్ళకి ఆయనకి ఆ తొట్టి చిన్నదనిపించింది.

"వాటికి ఇరుకుగా ఉందోయ్."

"మనకి విశాలంగా ఉందా? ఇద్దరు పిల్లలు, మీ పుస్తకాలు, ఉన్నది ఒక్క పడకగది. చేపలకి ముందుగది కావాల్సొచ్చిందా?"

"నోరు లేని జీవాలు కదా పాపం."

"నోరున్నదాన్ని నేనున్నాను. నా సంగతేంటి?"

ఆయన నోరు తెరిచి మూశారు. వారం తిరక్కుండా గ్రానైటు పలక దిగింది. దాని మీద పెద్ద తొట్టి ఎక్కింది. నా దివాను వరండాలోకి పోయింది. శుక్రవారం సాయంత్రం రెండు పెద్ద డ్రమ్ముల సముద్రం వ్యానులో వచ్చి పెరట్లో కూర్చుంది. శనివారం సాయంత్రం తొట్టి నింపడం, ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారి చేత ప్రార్థన, ఆ తర్వాత చేపల గృహప్రవేశం. మా అత్తగారి స్థలంలో ఈ ఇల్లు కట్టినప్పుడు కూడా ఇంత హడావిడి లేదు.

సరిగ్గా ఆ శనివారమే మా వదిన దిగబోతోంది. వదిన అంటే మావారి అక్క. వినుకొండ అవతల ఆవిడకి సొంత మిరపచేను ఉంది. ఏటా కొత్త మిరపకాయలు బస్తాకెత్తుకుని మా ఇంటికి వచ్చేది. ఏడాదికి సరిపడా కారం, వాళ్ళింటికీ మా ఇంటికీ, మా పెరట్లోని రోట్లో దంపించేది. వినుకొండలో రోళ్ళు లేక కాదు. ఇది వాళ్ళమ్మ రోలు. మా అత్తగారు పోయాక ఆవిడ వస్తువుల్లో పెకలించి పంచుకోలేనిది అదొక్కటే మిగిలింది. "మరలో పట్టిస్తే కారం మాడిపోద్ది. అమ్మ రోట్లో దంపిస్తేనే కారం" అనేది వదిన. ఆవిడకి పుట్టిల్లంటే మా ఇల్లు కాదు, ఆ రోలు. ఆ సంగతి అప్పుడు నాకు తెలుసా? తెలుసు. తెలియదని రాద్దామనుకుని కలం ఆపాను.

శనివారం పొద్దున మునిసిపాలిటీ కుళాయి వచ్చింది. వేసవిలో ఆ కుళాయి వచ్చేది కాసేపే. ఇంటికి చుట్టాలు, దంపుడు మనుషులు, ప్రార్థనకి జనం. బిందెలు నిండాయి, బకెట్లు నిండాయి, స్నానాలగది తొట్టి నిండింది. కుళాయి ఇంకా వస్తోంది, నింపడానికి ఏమీ లేదు. గుంటూరు ఆడదానికి అంతకన్నా నరకం ఉంటుందా? ఎదురుగా రెండు డ్రమ్ములు. తాగడానికి పనికిరావు, పప్పు ఉడకడానికి పనికిరావు, బట్టలుతికితే నురగ రాదు. నీళ్ళన్న పేరే గానీ నీళ్ళ పని ఒక్కటీ చెయ్యని నీళ్ళు.

ఒక డ్రమ్మును వంచాను. సూర్యలంక సముద్రం సగం మా పెరటి కాలవలో పడి, జామచెట్టు పక్కగా వీధి మురుక్కాలవలోకి వెళ్ళిపోయింది.

అవసరమా, కక్షా? ఇన్నేళ్ళూ నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇదే. అవసరమేనని ఇన్నేళ్ళూ గెలుస్తూ వచ్చాను, నాతో వాదించి నేను కూడా గెలవలేను కనక. కానీ అటక మీద మా అమ్మ ఇచ్చిన గంగాళం బోర్లించి ఉంది. రెండు బిందెలు పట్టేది. ఆ క్షణంలో నాకది గుర్తుంది. దించలేదు. దించకపోవడానికి కారణం వరండాలో ఎండకి ఎండుతున్న నా దివాను.

ఇప్పుడు చూడండి చదువుకున్నదాని తెలివి. నేను కెమిస్ట్రీలో బీయెస్సీ, ఫస్టుక్లాసు. ఇంట్లో చినగంజాం కల్లుప్పు బస్తా ఉంది, ఊరగాయల కోసం తెప్పించింది. ఆ ఉప్పు ఎక్కడిది? సముద్రానిది. సముద్రంలోంచి నీళ్ళు తీసేస్తే ఉప్పయింది, ఉప్పులో నీళ్ళు పోస్తే సముద్రం కాక ఏమవుతుంది? దీన్ని ఎవరైనా ఖండించగలరా? ఆ డ్రమ్ములో పట్టిన నీళ్ళు చుట్టాల కోసం ఇల్లు కడగడానికీ బట్టలకీ అయిపోయాయి. మావారు వచ్చేలోగా స్నానాలగది తొట్టిలోని కుళాయినీళ్ళు డ్రమ్ములోకి తోడి, ఉప్పు గుమ్మరించి, తెడ్డుతో కలిపి, నాలిక మీద వేసుకున్నాను. పక్క డ్రమ్ములో మిగిలిన అసలు సముద్రం ఒక చుక్క, నా సముద్రం ఒక చుక్క. ఇంకో దోసెడు వేశాను. మళ్ళీ చుక్క. ఊరగాయకి ఉప్పు చూడ్డంలో మా వీధిలో నన్ను మించినవాళ్ళు లేరు. కుదిరింది. నీళ్ళు కాస్త బురదగా ఉన్నాయి, బ్లీచింగు వాసన కూడా. తేటపడతాయని పటిక ముక్క తీసుకుని నాలుగుసార్లు తిప్పాను. సముద్రానికి పటిక తిప్పిన ఆడదాన్ని లోకం మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

సాయంత్రం ఆయన రెండు డ్రమ్ములూ తొట్టిలో పోసి, "ఈసారి నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో చూడు" అని మురిసిపోయారు. నేను వంటింట్లోకి వెళ్ళాను.

ఆదివారం అయ్యగారు వచ్చి, దేవుడు జలచరాల్ని చేసిన వైనం చెప్పి ప్రార్థన చేశారు. అందరూ ఆమెన్ అన్నాక మావారు చేపల్ని వదిలారు. అంత మేడలో అవి ఒక మూలకి చేరి నిలబడ్డాయి. కొత్తచోటు కదా, బెరుకు అన్నారు ఆయన. అప్పుడు వదిన దగ్గరికి వచ్చింది. ఆవిడ సముద్రం ఎప్పుడూ చూడలేదు. చూపుడువేలు నీళ్ళలో ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"ఉప్పు కుదిరిందే మరదలా! అచ్చం నీ చేతి ఉప్పే."

గదిలో అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నేను నవ్వాను.

సోమవారం పొద్దున పెరట్లో దంపుడు మొదలైంది. రెండు రోకళ్ళు, వదిన అదిలింపులు, ఇంటిల్లిపాదికీ తుమ్ములు. అది ఏటా ఉండేదే. కాలేజీకి తయారవుతున్న మావారు ముందుగదిలోకి వెళ్ళి, తిరిగి రాలేదు. నేను వెళ్ళి చూస్తే కుర్చీ తొట్టి దగ్గరికి లాక్కుని కూర్చుని ఉన్నారు. పువ్వు ముడుచుకుని జిగటగా జారిపోయి ఉంది. చేపలు పైకి తేలి ఉన్నాయి. గాజు దగ్గర నోరు తెరిచి మూసేది నోరు తెరిచే ఉంది. ఆయన ఏడవలేదు, తుమ్మారు. తుమ్మి, ముక్కు తుడుచుకుని, పెరటివైపు చూశారు.

"కారం ఘాటేమోనోయ్?" అన్నారు, నన్నే అడుగుతున్నట్టు.

ఆ ప్రశ్నకి నేను ఊరుకుని ఉంటే సగం పాపంతో పోయేది. ఊరుకోలేదు. "కావచ్చు. సన్నటి ధూళి కదండీ, నీటి మీద పొర కట్టేస్తుంది. గాలి కరగదు. ఊపిరాడక పోయుంటాయి" అన్నాను. ఫస్టుక్లాసు జవాబు. ఆయన తలూపారు. జీవశాస్త్రం చదివినాయన రసాయనశాస్త్రం మాట నమ్మారు.

పెరట్లోకి వెళ్ళి, "అక్కా, ఆపించు. నీ కారం తగిలి చేపలు పోయినయ్" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. అరిచి ఉంటే వదిన తిరిగి అరిచేది, అక్కడితో పోయేది.

వదిన చేతిలో జల్లెడ అలాగే ఉండిపోయింది. "అయ్యో, నాకేం తెలుసురా తమ్ముడూ" అంది. "నోరు లేని జీవాల ఉసురు పోసుకున్నానే! మీరూ ఆపండమ్మా, రోకళ్ళు దించండి." తర్వాత నావైపు తిరిగింది. "చదువుకున్నదానివి, నువ్వైనా చెప్పొద్దా అమ్మాయ్?"

అక్కడ. సరిగ్గా అక్కడ నేను నోరు తెరిచాను. మూశాను.

ఆవిడ సగం నలిగిన మిరపకాయల్ని గుడ్డలో మూటగట్టుకుని మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఏటా కారం వస్తోంది, మూతకి గుడ్డ వాసెన కట్టిన డబ్బాలో, ఆ ఊరి నుంచి ఎవరొస్తే వాళ్ళ చేత. ఆవిడ రాదు. రోట్లో వాననీళ్ళు నిలుస్తాయి, పిచ్చుకలు తాగుతాయి. మావారు మళ్ళీ చేపల జోలికి వెళ్ళలేదు. ఖాళీ తొట్టి చూడలేక జాడీలు నేనే పెట్టాను.

మొన్న మా చిన్నాణ్ణి సంఘంలో చేర్చుకునే కన్ఫర్మేషనుకి మాత్రం వదిన వచ్చింది, రాక తప్పక. గుమ్మంలో కాళ్ళు కడుక్కుంది, చేతులు రెండుసార్లు కడుక్కుంది. ముందుగదిలో తొట్టివైపు రాకుండా అవతలి గోడ వెంబడే, గోడకి వీపు రాసుకుంటూ లోపలికి నడిచింది.

"అందులో చేపల్లేవు వదినా, ఊరగాయ" అన్నాను.

"ఎందుకొచ్చిన గొడవలే అమ్మాయ్. చేపలు పోయినా తొట్టి ఉందిగా."

ఊరగాయకి ఎక్కడ తన గాలి తగులుతుందోనని నడిచినట్టుంది. పక్కన మా పిల్లలు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, అదే నా దరిద్రం. వెళ్ళేముందు పెరట్లోకి వెళ్ళి రోటి అంచు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడింది. నేను కిటికీలోంచి చూశాను. ఆ రోజు "నీ చేతి ఉప్పే" అన్నప్పుడు ఆవిడకి ఏమైనా తోచిందా? తోచే మాట్లాడకుండా మోస్తోందా? లేదనే అనుకుంటున్నాను. ఉందంటే నేను తట్టుకోలేను.

ఈ పత్రిక వాళ్ళ ఊరికి వెళ్తుంది. వదిన చదవదు, కోడలు చదివి వినిపిస్తుంది. పేరు రాయలేదు కదా అని మీరనొచ్చు. గ్రానైటు పలక, గాజుతొట్టి, అమ్మ రోలు ఉన్న ఇల్లు గుంటూరులో ఇంకొకటి ఉంటే నన్ను అడగండి. వింటుంది. విన్నాక ఏమంటుందో నాకు తెలియదు. అనాల్సింది ఆవిడ, నేను ముందే జవాబు తయారుచేసుకోకూడదని ప్రయత్నిస్తున్నాను. కష్టంగా ఉంది.

ఇదంతా రాసి మధ్యాహ్నం భోజనాలు వడ్డించాను. మావారు పప్పు కలుపుకుని ఒక ముద్ద తిని, మెల్లగా, దెబ్బకి సిద్ధమై ఉన్న మనిషిలా, "ఉప్పు కాస్త ఎక్కువైనట్టుందోయ్" అన్నారు. పెళ్ళయినప్పటినుంచి ఈ మాటకి నా దగ్గర ఒకటే జవాబు, తప్పు మీ నాలికదని.

"అవునండీ. ఎక్కువే వేశాను" అన్నాను.

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగారు.

బాగానే ఉందన్నాను. అదీ నిజమే.