బూట్లు విప్పి పడిపోయిన మేజర్

2023, క్రిస్మస్‌కు ముందు వారం. ప్రభుత్వ దవాఖానాలో ప్రోస్థెటిస్ట్‌గా, అంటే కృత్రిమ కాళ్లు చేతులు అమర్చే పనిలో ఉండి, పదవీ విరమణ చేశాక మెదక్‌లో చిన్న వర్క్‌షాపు నడుపుతున్నాను. ప్రతి కేసునూ కార్డు మీద రాసి ఉంచుతాను. ఈ కార్డులో ఒక వాక్యం మాత్రం కోపంతో రాసింది.

ఆ ఉదయం ఆటో నర్సింలు ఒక తెల్లాయనను చేయి పట్టి దించాడు. మోచేయి చీరుకుపోయి ఉంది.

"సార్, జర చూడుండ్రి. పెద్ద చర్చి గడప కాడ ఎల్లెలకల పడ్డడు. దొర పొద్దుగాలనే తాగిండని అందరు నవ్వవట్టిరి."

"నువ్వేమన్నావు?"

"ఆటోల కూసుంటే వాసన రాలే సార్. గంతే చెప్పిన."

ఆ మాత్రం వివేకం నవ్వినవారిలో ఒక్కరికీ లేకపోయింది!

ఆయన బ్రిటిష్ సైన్యంలో రిటైర్డ్ మేజర్. సామాన్య సైనికుడిగా చేరి అధికారి అయ్యారు. ఇరాక్ యుద్ధంలో జీపు కింద పేలిన మందుపాతర ఎడమ కాలిని మోకాలి కింద తీసుకుపోయింది. ఆఫీసు కుర్చీ చాలన్న పై అధికారులతో వాదించి, కృత్రిమ కాలితోనే కవాతు మైదానానికి తిరిగి వచ్చి, చివరిదాకా కొత్త సైనికులకు శిక్షణ ఇచ్చారు.

"ఆ జీపు నడిపింది నా తోటి సైనికుడు టామ్. అతను బతకలేదు," అన్నారు మేజర్ ఇంగ్లిషులో. "వాళ్ల నాయనమ్మ ఒకప్పుడు ఇక్కడ నర్సు. ఈ చర్చిలోనే పెళ్లి చేసుకుంది. ఒకసారి చూడాలని అంటుండేవాడు. అతని బదులు నేను నడవాలి. చర్చివాళ్లు వీల్‌చెయిర్ తెస్తామన్నారు. తోస్తే వెళ్లడం నడక కాదు. రేపే నా తిరుగు ప్రయాణం. కాలు విరిగిందా?"

సాకెట్, అంటే మిగిలిన కాలు కూర్చునే తొడుగు, బిగువుగానే ఉంది. బోల్టులూ గట్టిగానే ఉన్నాయి.

"పడినప్పుడు బూట్లున్నాయా?"

"లేవు. అందరూ విప్పారు. గౌరవమని నేనూ విప్పాను."

"ఈ కాలితో బూట్లు లేకుండా ఎప్పుడైనా నడిచారా?"

"లేదు. ఇంట్లో కూడా బూట్లతోనే తిరుగుతాను."

చిక్కు అక్కడే ఉంది. అలైన్‌మెంట్, అంటే కాలిని నిలిపే వాలు, బూటు మడమ ఎత్తును బట్టి పెడతారు. బూటు తీస్తే మడమ కిందికి దిగుతుంది, పిక్క వెనక్కి వాలుతుంది, మనిషి దానితోపాటే పోతాడు. గడప బయట చెప్పులు విడిచే మన అలవాటు ఆ కాలు చేసినవారికి తెలియదు.

గట్టి రబ్బరును ఏటవాలుగా కోసి, మడమ కింద అతికించి, పైన మేజోడు తొడిగాను. నేల మీద నడిపించి, తిప్పి, గడప దాటించి చూశాను.

"ఇంత చిన్న ముక్కా?" అన్నారాయన.

"మీ కాలు మంచిదే మేజర్. మా గడపే దానికి కొత్త."

ముగ్గురం ఆటోలో చర్చికి వెళ్లేసరికి పొద్దున్నటి జనం ఇంకా ఉన్నారు. నర్సింలు ముందు నడిచాడు. "జరుగుండ్రి, జరుగుండ్రి! తాగినోడు గిట్ల నడుస్తడా? మంచిగ చూడుండ్రి!"

మేజర్ ఆటోలోనే బూట్లు విడిచి వచ్చి లోపలికి అడుగు పెట్టారు. చేతికర్ర లేదు, పక్కన మనిషి లేడు. బెంచీల మధ్య నుంచి బలిపీఠం దాకా నడిచి, టామ్ పేరు పైకి పలికారు. తలపై టోపీ లేనప్పుడు వాళ్లు సెల్యూట్ చేయరట. నిటారుగా నిలబడ్డారు, అంతే. తరువాత వెనుదిరిగి అదే ఠీవితో గడప దాకా వచ్చారు. ఎవరూ నవ్వలేదు.

కాలు అమర్చేవాడు మనిషిని కొలిస్తే చాలదని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు కొలత టేపు తీయకముందే ప్రతి పేషెంటునూ అడుగుతాను: "ఈ కాలితో ఎక్కడికి పోవాలనుకుంటున్నారు?"