ముబీన్ చుట్ల లెక్క

మా ఇంటి ముందుగదిలో ముబీన్‌కి మోటారు వైండింగ్ షాపు ఉండేది. బోరు మోటారు కాలితే పాత తీగ తీసేముందు అందులో ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టి నోట్‌బుక్కులో రాసుకునేవాడు. కొత్త తీగా అన్ని చుట్లే చుట్టాలి. తక్కువైతే మళ్లీ కాలుతుంది, ఎక్కువైతే నీళ్లు సరిగా లాగదు. ఆ పుస్తకాన్ని ఏ పనివాడూ ఇంకొకడికి చూపించడు.

2007 అక్టోబరులో పెనుగొలను రైతు వెంకటప్పయ్య ఒక పాత మోటారు తెచ్చాడు. అంతకుముందు ఎవరో లెక్కపెట్టకుండానే తీగంతా పీకేశారు. అలాంటి మోటారు ముబీన్ ఎప్పుడూ చుట్టలేదు.

"వరి పొట్ట మీదుందయ్యా. నాలుగు రోజుల్లో నీళ్లు పెట్టకపోతే అంతా తాలే. అవుతుందా, పాత ఇనుముకి వేసెయ్యమంటావా?"

"మోటారు కన్నా ముందు నన్ను వేసేట్టున్నావే బాబాయ్. కాస్త ఆగు."

నాకు అప్పట్లో ఆర్కుట్‌లో ఖాతా ఉండేది. ఎనిమిది నెలల మా పాప ఫోటో పెట్టడానికి భయపడి ఖాళీగా వదిలేశాను. అందులో వైండింగ్ పనివాళ్ల కమ్యూనిటీ ఒకటి కనిపిస్తే, ముబీన్ అడగమన్నది టైపు చేశాను. గంటలో జవాబొచ్చింది. పేరు జోజప్ప, ఊరు తెనాలి, మొహం ఉండాల్సిన చోట గులాబీ పువ్వు. "నా దగ్గర లెక్క ఉంది. స్కేలు పెట్టి ఫోటో పంపండి. మీదే ఊరు?"

"ఊరికే ఎవరు చెప్తారండీ? ఇవాళ ఊరు అడిగాడు, రేపు ఫోన్ నంబరు, ఆ తర్వాత..." అన్నాను.

"ఆ తర్వాత నా రోల్డుగోల్డు ఉంగరం పట్టుకుపోతాడా మేడమ్?"

నేను నవ్వలేదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో కొత్త పరికరాన్ని నమ్మే ముందు తెలిసిన వస్తువును దానితో కొలిచి చూసేవాళ్లం. ముబీన్ పుస్తకంలో ఉన్న ఒక మోటారు గురించే జోజప్పను అడిగాం. పుస్తకంలో యాభై రెండు. అతను నలభై ఎనిమిదన్నాడు.

"చూశారా! దొంగ లెక్క."

ముబీన్ చెవి గోక్కున్నాడు. "నలభై ఎనిమిదే కరెక్టు మేడమ్. మా ఉస్తాద్ నాగూర్ నేర్పిందే. రాసేటప్పుడు నాలుగు కలపాలి, చుట్టేటప్పుడు తీసెయ్యాలి. పుస్తకం ఎత్తుకుపోయినోడి మోటారు పనిచెయ్యదు."

"నాకైనా చెప్పొచ్చుగా?"

"మీరు మంచోళ్లే. కానీ మీ ఇంటికి నలుగురొస్తారు కదా."

కోపమొచ్చింది. అయినా ఫోటో తీసి పంపాను. ఊరు రాయలేదు, కృష్ణా జిల్లా అని మాత్రం రాశాను. జోజప్ప మెలిక పెట్టాడు. ముందు ఫలానా మూడు హార్స్‌పవర్ మోటారుకి ఎన్ని చుట్లో మమ్మల్ని చెప్పమన్నాడు.

ముబీన్ పుస్తకంలో దానికి డెబ్బై అని ఉంది.

"డెబ్బై అనే పంపుదాం. మీ గుట్టు లాగుదామని చూస్తున్నాడు."

బయట అరుగు మీద వెంకటప్పయ్య కూర్చుని ఉన్నాడు. ముబీన్ అటు చూశాడు.

"అక్కడా ఎవరో రైతు ఇట్టాగే కూర్చుని ఉంటే? నా లెక్కతో చుట్టి ఆయన మోటారు పనిచెయ్యకపోతే?"

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తనే అరవై ఆరు అని కొట్టాడు.

ఆ రోజు జవాబు లేదు. మర్నాడూ లేదు. "అనుకున్నంతా అయింది" అన్నాను. ముబీన్ కిందికి చూస్తూ పాత తీగముక్కలు ఊడ్చుకున్నాడు.

మూడో రోజు పొద్దున వచ్చింది. మా మోటారుకి చుట్లెన్నో, తీగ మందమెంతో, ఏ కాయిల్ ఎక్కడ మొదలుపెట్టాలో అంతా రాశాడు. చివర్న ఇంకో మాట. "అరవై ఆరని నాకు ముందే తెలుసు. మీరు నిజం చెప్పేవాళ్లేనా అని అడిగాను. ఏమనుకోకండి."

"అచ్చం మీలాంటోడే మేడమ్!" అని ముబీన్ పకపకా నవ్వాడు.

సాయంత్రానికి మోటారు చుట్టేశాడు. నీళ్ల డ్రమ్ములో అరగంట తిప్పినా, ఎంత కరెంటు లాగుతోందో చూపే మీటరు ముల్లు గీత దాటలేదు. వెంకటప్పయ్య దాన్ని ఆటోలో వేసుకుని వెళ్లిపోయాక ముబీన్ లోపలికొచ్చాడు. "ఆ జోజప్పగారికి నా షాపు నంబరు పంపండి. మాట్లాడాలి."

టైపు చేశాను. మా ఇంటి నంబరు కాదు కదా అని మరోసారి చూసుకుని, పంపాను.