హృదయతంత్రులు

“గుండెలు కోసే చేతికి ప్రేమేం తెలుసే, కసాయిదానా!” అంటూ గణపతి భార్య జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. ఆ కంప్యూటర్ల రోజుల్లో పగలు సాఫ్ట్‌వేరు, సాయంత్రం కవిత్వం అతగాడికి. వన్-నార్త్ ల్యాబుల్లో గుండె మీద పరిశోధన చేసే హైమవతి ఏడవలేదు. కూరకు తెచ్చిన మేక గుండెకాయను చీల్చి, లోపలి తెల్లని దారాలు చూపించింది. “హృదయతంత్రులని రాస్తావే, ఇవిగో! ఎప్పుడైనా చూశావా?”

వాళ్లకు ఆ దగ్గర్లోని క్లెమెంటిలో తన ఇంట్లో గది అద్దెకిచ్చిన సూరమ్మ గుమ్మంలో నిలబడి ఆ జవాబుకు మురిసిపోయింది.

మాటతో ఓడినవాడు పచ్చడిబండ అందుకున్నాడు. సూరమ్మ కళ్లెదుటే ఆ కోసే చేతి వేళ్లు నుజ్జు చేశాడు. పోలీసులకు మాత్రం, జారిపడిందని కన్నీళ్లతో చెప్పాడు.

“వాడు పది తలల రాక్షసుడని పోలీసులకు చెప్తానే!” అంది ఆస్పత్రిలో సూరమ్మ.

“అలంకారాలొద్దాంటీ. వాడు ఏం పట్టుకున్నాడో, ఎక్కడ కొట్టాడో, చూసింది చూసినట్టు చెప్పండి.”