కొప్పులో ఇనుప మేకు

కౌసల్యమ్మ కళ్ళు బాగున్నాయని ఎల్బీ నగర్ కంటి డాక్టరు రెండుసార్లు చూసి మరీ చెప్పాడు. ఆ మంచిమాటే ఆమెకు సంకెల అయింది.

శ్రావణంలో ఒకనాడు తలపోటు వచ్చి సాయంత్రానికి తగ్గింది. అప్పటినుంచి కంచంలో ఎడమవైపు కూర అలాగే మిగిలిపోతోంది, ఎడమ భుజం తలుపుకు కొట్టుకుంటోంది. దిల్‌సుఖ్‌నగర్ గుడి ముందు ఇరవై ఏళ్ళు పూలమ్మిన మనిషి. ఎడమపక్క నిలబడితే పలకడం లేదని కొనేవాళ్ళు అలిగి పోయారు. చివరికి గంప ఇంట్లో బోర్లించింది.

"కండ్లు మంచిగున్నయట. పని మీద మనసు లేదని చెప్పరాదె," అన్నాడు భర్త రామస్వామి. అతడు ఆర్టీసీ కండక్టరు. సకల జనుల సమ్మెకు బస్సులు ఆగి ఇంట్లోనే ఉంటున్నాడు. చెడ్డవాడు కాడు. ట్యాంకరు వస్తే బిందెలన్నీ తనే మోస్తాడు. కాని నమ్మడు. మంచివాడు నమ్మకపోతే ఎవరితో మొరపెట్టుకోవాలి?

రోజూ మూర మల్లెలు కొనే విజయదుర్గ ఒక్కతే సంగతి పసిగట్టింది. తెనాలి వైపు పిల్ల. మనిషి చూపు మెదడులో ఎక్కడ, ఎలా పనిచేస్తుందో పరిశీలించే కేంద్రంలో చదువుకుంటోంది. గుడి ముందు పూలావిడ కనబడక, ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"పిన్నీ, నేను కుడిపక్కకొస్తే నవ్వుతారు, ఎడమపక్క నుంచుంటే అసలు చూడరు. లోపం కళ్ళలో కాకపోవచ్చండి. మా దగ్గరో యంత్రం ఉంది, చూపు పనిచేస్తుంటే మెదడు బొమ్మ తీస్తుంది."

"మీ ఆంధ్రోళ్ళు గిప్పుడు మా తలకాయలల్లకు గూడ ఒస్తున్నరా?" అన్నాడు రామస్వామి.

"రండి బాబాయ్, మీదీ చూస్తాను. ఏమన్నా ఉంటే చెప్తాను!"

రామస్వామి పకపకా నవ్వాడు. కౌసల్యమ్మ మాత్రం నవ్వలేదు. యంత్రం కూడా బాగుందంటే తను బతికినన్నాళ్ళూ అబద్ధాలకోరే.

ఒంటిమీద నగలు ఉండకూడదన్నారని వెళ్ళేరోజు పుస్తెలు తీసి దేవుడి దగ్గర పెట్టి, పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుంది. పక్కింటి ముత్తమ్మ తల దువ్వుతూ కొప్పులో ఇనుప మేకు దోపింది. "గా యంత్రంల గాలి సోకకుంట ఉంటది, ఎవ్వరికి చెప్పకు."

లోహం ఏమైనా ఉందా అని కేంద్రంలో మూడుసార్లు అడిగారు. మేకు రక్ష కదా, నగ కాదు కదా అని ఆమె లేదంది. గుమ్మం దగ్గర చేతి పరికరం తల వెనక కీచుమంది. మేకు బయటపడింది. లోపలున్న అయస్కాంతం దాన్ని బాణంలా లాగేదట. కౌసల్యమ్మ సిగ్గుతో కుంగిపోయింది.

విజయదుర్గ కసరలేదు. "మా అమ్మమ్మ కూడా బాలింత తలకింద ఇనుము పెట్టేదండి," అంటూ మేకును కాగితంలో చుట్టి, వెంట వచ్చిన రామస్వామి చేతికిచ్చింది. "బాబాయ్, ఇది పట్టుకుని గడప బయట కూర్చోండి. కాపలా అక్కణ్ణుంచే."

ఇరుకైన గొట్టంలో పడుకోబెట్టారు. ముక్కు మీదే పైకప్పు. డబడబమని చెవులు పగిలే చప్పుడు. మధ్యనున్న ఎర్రచుక్కనే చూడాలి. దాని చుట్టూ నలుపూ తెలుపూ గళ్ళ ముక్క గడియారం ముల్లులా తిరుగుతుంది. కుడికి వస్తే కనబడుతుంది, ఎడమకు పోతే మాయం. భయమైతే నొక్కమని చేతిలో రబ్బరు బంతి పెట్టారు. ఊపిరి ఆడలేదు. నొక్కితే బయటపడవచ్చు, కాని సాక్ష్యం చేజారిపోతుంది. యాదగిరి నరసింహుణ్ణి తలుచుకుంటూ బంతిని వదులుగా పట్టుకుంది.

రెండు రోజుల తర్వాత అక్కడి పెద్ద డాక్టరు బొమ్మ చూపించాడు. మెదడులో పనిచేసే చోటికి రక్తం ఎక్కువ పారుతుంది, అక్కడ రంగు వెలుగుతుంది. ముక్క కుడిపక్క ఉన్నంతసేపూ ఒకవైపు వెలిగింది. ఎడమకు పోయినప్పుడు వెలగాల్సిన రెండోవైపు నల్లగానే ఉంది. ఆనాటి తలపోటులో అక్కడ రక్తం అందక దెబ్బతిన్నదట. ఇక మునుపటిలా కావడం కష్టమట.

రామస్వామి బొమ్మలోని నలుపు మీద వేలు పెట్టాడు. "ఒక దిక్కు లైటు పోయిన బండి. ఇన్నొద్దులు నేను డ్రైవర్నే తిట్టిన," అన్నాడు.

"మెడ తిప్పి చూడటం అలవాటు చేసుకోండి పిన్నీ. జపం మరవనట్టే ఇదీ మరవకూడదు," అంది విజయదుర్గ.

ఆనాటి నుంచి కంచం, చెంబు, మంచం అన్నీ కుడికి జరిగాయి. కౌసల్యమ్మ మాత్రం జరగకూడదు. "ఎడమ దిక్కుకెల్లి ఆటో ఒస్తె ఎట్ల? నువ్వు గడప దాటకు." సమ్మె ముగిసి డ్యూటీకి ఎక్కిన రోజు, గేటు గొళ్ళెంలో ఆ మేకే దోపి పోయాడు. గొళ్ళెం ఎడమవైపు ఉంది. ఆమె తడిమి తడిమి వెనక్కి వచ్చి కూర్చుంది. అబద్ధాలకోరు అన్నన్నాళ్ళూ కనీసం వీధిలోకి పోగలిగేది.

కార్తీక సోమవారం నాడు మళ్ళీ లేచింది. గేటు ముందు నిలబడి, నెమ్మదిగా, గడ్డం భుజానికి తగిలేదాకా మెడ తిప్పింది. గొళ్ళెం. అందులో మేకు. దాన్ని పీకి కొప్పులో దోపుకుంది. ముత్తమ్మ చేత చామంతులు తెప్పించుకుని గేటు బయట అరుగు మీద కూర్చుంది.

మధ్యాహ్నం రామస్వామి వచ్చి ఆగిపోయాడు. చప్పుడు చేయకుండా ఆమె ఎడమపక్కకు పోయి నిలబడ్డాడు. వేళ్ళు దండ కడుతూనే ఉన్నాయి. కాసేపటికి మెడ తిరిగింది.

"ఏంది, దొంగోని లెక్క నిలబడ్డవ్?"

అతడు చెప్పులు విడిచి అరుగెక్కాడు. పక్కన కూర్చుని గంప దగ్గరికి జరుపుకున్నాడు. "రేపు గుడి కాడికి ఇది నేను మోస్త. రోడ్డు మాత్రం నేనే దాటిస్త."

"రోజు నువ్వే దాటిస్తె డ్యూటీకి ఎవరు పోతరు మరి?"

కౌసల్యమ్మ మెడ ఇంకోసారి ఎడమకు తిప్పి, ఆటోలొచ్చే వీధి చివరిదాకా చూసింది.