బావగారూ, మళ్ళీ మొదటినుంచా?

టైలరమ్మ వాళ్ళ బావగారికి ఈ లోకంలో ఏ పనికీ మధ్య అనేది ఉండదు. మొదలుంటుంది, చివరుంటుంది. నడుమ ఈగ వాలినంత తేడా వచ్చిందా, మళ్ళీ మొదటినుంచే. ఎవరికైనా ఫోన్ నంబరు చెబుతున్నప్పుడు ఏడో అంకె దగ్గర అవతలివాళ్ళు తుమ్మితే, "ఆగండాగండి, మొదటినుంచి చెప్తా" అంటారు. మెట్లెక్కుతూ లెక్క తప్పితే కిందికి దిగొచ్చి మళ్ళీ ఎక్కుతారు. పెళ్ళి ఆల్బమ్ చూపిస్తూ నలభయ్యో పేజీలో ఉండగా ఎవరైనా తలుపు కొట్టారనుకోండి, ఆ వచ్చినాయన కోసం మొదటి పేజీకి వెళ్ళిపోతారు. ఆ ఇంటికి ఆలస్యంగా వెళ్ళడమంటే, అప్పటికే కూర్చున్నవాళ్ళకి ద్రోహం చేయడమే.

తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారాయన. ఒక్క తూకపు రాయి తేడా వస్తే, షాపులో ఉన్న రాళ్ళన్నీ మళ్ళీ తూచేవారు. ఆయన రిటైరైన రోజు బజారు బజారంతా ఊపిరి పీల్చుకుంది.

అలాంటి మనిషి చేతిలో టైలరమ్మ తన షాపు ల్యాప్‌టాప్ పెట్టింది. పెట్టక తప్పలేదు. బట్టలు కత్తిరించడానికి కాగితం మీద ప్యాట్రన్లు గీసిచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటుంది ఆవిడ దగ్గర. ఊరికే ఇచ్చేదే. ఎవరెవరో కలిసి రాసి, రాసిన కోడ్‌తో సహా అందరికీ వదిలేశారు. బాగానే పనిచేసేది గానీ, పెద్ద సైజులకొచ్చేసరికి చెయ్యి ప్యాట్రన్ చంక దగ్గర అతికేది కాదు. రెండు వేళ్ళ తేడా. ఆసుపత్రిలో తొంభై మంది నర్సులకి తెల్ల కోట్లు కుట్టే ఆర్డరు వచ్చింది. శుక్రవారం ఉదయం పది గంటలకి పెద్ద సైజు నమూనా చూపించాలి. లేదంటే ఆర్డరు బజారు చివర పెద్ద షాపుకి పోతుంది. వాళ్ళు అప్పుడే వెళ్ళి కొలతల చీటీ కూడా అడిగొచ్చారట.

సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు ఆ తప్పు సరిచేశారు, కానీ కోడ్‌లో మాత్రమే. సరిచేసింది తయారై రావడానికి ఇంకా రెండు నెలలు పడుతుంది. ఈలోగా కావాలంటే మనమే తయారు చేసుకోవాలి.

"అంటే ఏంటి బావగారూ?"

"నీ భాషలో చెప్తా విను. గుడ్డిచ్చారు, కొలతలిచ్చారు, కుట్టుకోవడం మన వంతు. కంపైలర్ అంటే కుట్టుమిషను అనుకో. అదీ ఊరికే ఇస్తారు. కాకపోతే సూది, దారం, బాబిను, బెల్టు అన్నీ విడివిడిగా తెచ్చి బిగించుకోవాలి."

"ఎంతసేపు పడుతుంది?"

"సాయంత్రానికి నీ చేతిలో ఉంటుంది."

ఇది సోమవారం పొద్దున జరిగిన మాట. సాయంత్రం ఆవిడ షాపు కట్టేసి వచ్చేసరికి, నల్లటి విండోలో ఇంగ్లీషు వరసలు జలజలా కారిపోతున్నాయి. బావగారు చేతులు కట్టుకుని చూస్తున్నారు.

"ఎంతదాకా వచ్చింది?"

"మొదట్లో ఉన్నా."

"పొద్దునా మొదట్లోనే ఉన్నారుగా!"

"అది వేరే మొదలు." ఆయన ముఖం వెలిగిపోతోంది. "సగం దించుకున్నాక, 'ఈ విండో మూసేసి మళ్ళీ తెరువు, మళ్ళీ ఇదే కమాండ్ కొట్టు' అని అదే చెప్పింది మరదలా! ఎంత సంస్కారమున్న యంత్రమో చూడు."

టైలరమ్మకి ఆ యంత్రాన్నీ, ఆ సంస్కారాన్నీ కలిపి కిటికీలోంచి విసిరెయ్యాలనిపించింది.

మంగళవారం వెళితే ఇంకో కథ. కంపైలర్ తెరవడానికి తెర మీద ఒకే పేరుతో నాలుగు బొమ్మలున్నాయట, రంగులే వేరట.

"నీలం నొక్కాలి. ఊదా నొక్కా."

"అయితే ఇప్పుడు నీలం నొక్కండి."

"నొక్కుతా. అన్నీ తీసేసి, మొదటినుంచి."

"ఒక్క బొమ్మకి అన్నీ తీసెయ్యడమెందుకండీ బాబూ! బొత్తాం తప్పు కుడితే కోటు తగలబెడతామా?"

"కోటు వేరు, ఇది వేరు" అన్నారు బావగారు తేలిగ్గా.

బుధవారం గుమ్మంలోకి రాగానే లోపల్నుంచి వింత చప్పుళ్ళు వినిపించాయి. బల్ల మీద టకటకా వేళ్ళ మోత. "అబ్బబ్బ, ఇంకెంతసేపు! కదులు, కదలవేం!" అంటూ బావగారు ఎంటర్ మీట మీద నాలుగు దెబ్బలు వేస్తున్నారు. జన్మలో ఎవరినీ తొందరపెట్టి ఎరగని మనిషి! పాపం, ల్యాప్‌టాప్ దెబ్బకి మతి చలించిందనుకుంది.

"ఇవాళేమైంది?"

"ఫోల్డరు పేరులో రెండు మాటల మధ్య ఖాళీ ఉంది. ఖాళీ ఉంటే కంపైలర్‌కి అవి రెండు వేరువేరు పేర్లలా కనిపిస్తాయి. తయారీ ఆగిపోయింది."

"ఖాళీ పెట్టకూడదని మీకు తెలీదా?"

"తెలుసు."

"తెలిసీ పెట్టారా!"

"పెట్టా."

ఇంకో మాట మాట్లాడితే ఏమంటుందో ఆవిడకే తెలియదు గనక, విసురుగా లేచి వచ్చేసింది. ఆ విసురులో ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి అక్క చెప్పు.

గురువారం మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. "ఏమే, నా చెప్పు తెచ్చివ్వవే, ఒంటి చెప్పుతో ఎక్కడికెళ్ళను? అవునూ, మంగళవారమే తయారైపోయిందన్నారుగా, ఇంకా కుస్తీ ఏంటట?"

టైలరమ్మ ఫోన్ పెట్టలేదు, చెప్పు మార్చలేదు, మెడలో కొలతల టేపు తియ్యలేదు. పది నిమిషాల్లో బావగారి ముందుంది.

"మంగళవారమే వచ్చిందటగా!"

"వచ్చింది."

"ఏదీ?"

"తీసేశా."

"రేపు పొద్దున పదికి నా కొంప మునుగుతుంటే, వచ్చినదాన్ని తీసేశారా! మీరు మనిషేనా బావగారూ? అక్కా, ఈయనతో ఎలా వేగుతున్నావే నువ్వు?"

అక్క నవ్వాపుకుంటోంది. "ఆయన మూడు రోజులుగా నీలా చేస్తున్నారే."

"నాలా ఏంటి?"

బావగారు గొంతు సవరించుకున్నారు. "నేను చదివి నొక్కే రకం. నాకు రావడం ఏం గొప్ప? నువ్వు ముందు నొక్కి, తరవాత చదువుతావు. కదలకపోతే నాలుగుసార్లు నొక్కుతావు. అందంగా ఉందని ఊదా నొక్కుతావు. ఫోల్డరుకి ఖాళీ పెట్టి మరీ పేరు పెడతావు. అందుకే కూర్చున్నంతసేపూ నేను నువ్వయ్యా. పడ్డ చోటల్లా కాగితం మీద రాసుకుని, మళ్ళీ మొదటినుంచి. మొత్తం పంతొమ్మిదిసార్లు పడ్డావు."

"నేనెప్పుడు పడ్డానూ!"

"నేను పడ్డాగా."

"ఈ నాటకమంతా దేనికండీ? మీరే చేసిచ్చేస్తే పోయేదిగా!"

"ఈసారికి పోయేది. ఈ సాఫ్ట్‌వేర్ ఇక్కడితో ఆగుతుందా? రేపు ఇంకోటి సరిచేస్తారు, మళ్ళీ తయారు చేసుకోవాలి. అప్పుడు నువ్వు నన్నడగవు. ఒక్కసారి సాయం అడగడానికే నీకు ప్రాణం పోతుంది. రెండోసారి అడగాలంటే, నడుం పట్టేసేదాకా చేత్తోనే గీసుకుంటావు. నాకు తెలీదా?"

బావగారు ల్యాప్‌టాప్, దాని మీద తను అంకెలేసి రాసిన పన్నెండు కాగితాలు పెట్టి టైలరమ్మ చేతికిచ్చారు.

"మీరూ రండి."

"రాను. పక్కనుంటే నా నోరు ఊరుకోదు. రెండు గంటల పని. వెళ్ళు."

షాపులో కటింగ్ బల్ల మీద గుడ్డలు పక్కకి తోసి కూర్చుంది. 'మూడు: నీలం బొమ్మ. నీ చెయ్యి ఊదా మీదికే పోతుంది, వెనక్కి తీసుకో.' నిజంగానే అక్కడిదాకా పోయిన వేలు వెనక్కి తీసుకుంది. 'ఆరు: ఇక్కడ చాలాసేపు ఏమీ కదలదు. పాడవలేదు. వెళ్ళి నాలుగు బొత్తాలు కుట్టి రా.' కుట్టి వచ్చింది. కదిలింది. 'పదకొండు: ఇప్పుడు నన్ను తిట్టుకుంటున్నావు. తిట్టుకో. ఎంటర్ మాత్రం ఒక్కసారే నొక్కు.' చటుక్కున నోరు మూసుకుని, ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసింది.

తొంభై శాతం, తొంభై ఏడు, అక్కడ గుండె ఆగేంతసేపు నిలబడి, వంద. ప్రోగ్రాము తెరుచుకుంది. పెద్ద సైజు ప్యాట్రన్ ప్రింటు తీసి, కాగితాలు అతికించి, వంపు వెంట టేపు నిలబెట్టి కొలిచింది. చెయ్యి, చంక సరిగ్గా కూర్చున్నాయి. కటింగ్ మాస్టరు వంగి చూసి, "రెండు వేళ్ళు ఎటు పోయాయమ్మా?" అన్నాడు.

"బావగారు మింగేశారు. నువ్వు కత్తెర తియ్యి."

శుక్రవారం పదింటికి పెద్ద నర్సమ్మ కోటు తొడుక్కుని, రెండు చేతులూ పైకెత్తి, అటూ ఇటూ తిప్పి, "ఎక్కడా పట్టెయ్యట్లేదు, కుట్టేయండి" అంది.

షాపుకి తిరిగొచ్చి బల్ల సర్దుతుంటే, పన్నెండో కాగితం అడుగున ఇంకో వరస కనిపించింది. 'ఇక ఈ పనికి నన్నడగక్కర్లేదు. కాబట్టి మొహమాటం లేకుండా వచ్చి, కూర్చుని టీ తాగు.'

టైలరమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివింది. ఫోన్ తీసింది.

"అక్కా, టీ పెట్టు. వస్తున్నా."

"మళ్ళీ ఏం చెడిపోయిందే?"

"ఏం చెడలేదు. పనేం లేదు. ఊరికే వస్తున్నా."

"ఊరికేనా!" అంది అక్క గట్టిగా. అవతల వెనకనుంచి బావగారి గొంతు వినిపించింది: "ఊరికేనా! ఎవరూ, మన మరదలేనా?"