శివం కాదన్న డాక్టరమ్మ

మొన్న పానగల్ జాతరలో డప్పుల మోత, గుగ్గిలం పొగ మధ్య అమ్మవారు పూని శివమూగుతున్న ఒకామె మెడను విసురుగా పక్కకు తిప్పింది. గుంపంతా చేతులు జోడించింది. నాకు మాత్రం సుజాత డాక్టర్ గుర్తొచ్చింది. కొల్లాపూర్ బిడ్డ. హైదరాబాద్‌లో మెదడు క్యాన్సర్‌కు రేడియేషన్ ఇచ్చే డాక్టర్. పత్రికలో పనిచేసిన రోజుల్లో ఆమె గురించి రాయడానికి వెళ్లి పరిచయమయ్యాను. చిన్ననాటి నుంచీ ఆమెకు టూరెట్ సిండ్రోమ్. తన ప్రమేయం లేకుండానే మెడ విసురుగా తిరుగుతుంది, గొంతులోంచి కేక వస్తుంది. రోగుల కంటపడని ల్యాబ్ పని చూసుకొమ్మని కాలేజీలో పెద్దలు చెప్పారట. "దాక్కొమ్మన్నరన్నా. నేను దాక్కుంటనా?" అని నవ్వింది. రేడియేషన్ వేళ తల కదలకుండా రోగి ముఖానికి అచ్చు పోసినట్టు తొడుగు చేస్తారు. తన మెడ తన మాట వినని మనిషి, ఆ పనిని దగ్గరుండి చేయిస్తుంది.

మా బావకు మెదడులో క్యాన్సర్ గడ్డ తీశాక రేడియేషన్ ఇవ్వాలన్నారు, మా ఊరి మాటలో కరెంటు పెట్టడం. "తలకు కరెంటు పెడితే మనిషి ఆగమైతడు" అని అక్క ససేమిరా అంది. ఇద్దరినీ సుజాత దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె మాట్లాడుతుండగానే మెడ తిరిగింది, కేక వచ్చింది. అక్క చటుక్కున కుర్చీ దిగి, కొంగుముడి విప్పి, గుడి పసుపు ఆమె నుదుట పెట్టబోయింది. "ఎల్లమ్మ తల్లీ, నా మొగడు బతుకుతడా? నువ్వెట్లంటే గట్లనే చేస్త."

బావ కన్ను గీటాడు. "డాక్టరమ్మా, జర అవునను. నా మాట ఎన్నడు ఇనలే, ఎల్లమ్మ మాటన్నా ఇంటది."

సుజాత నవ్వలేదు. అక్కను చెయ్యి పట్టి ఆపింది. "పెద్దమ్మా, నాకు శివం రాలే. గిది నా నరాల జబ్బు."

"అట్లయితే బతుకుతడో లేదో నీకు తెల్వదా?"

"తెల్వదు. జబ్బు మొత్తం పోతదని చెప్ప. కరెంటు పెడితే ఇంకొన్ని దినాలు నీతోని ఉండొచ్చు. గంతవరకే నా చదువు చెప్తది. నమ్మితే ఉండు, లేకుంటే ఇంటికి పో. గని ఎల్లమ్మ పేరు చెప్పి మాత్రం నేను ఒప్పియ్య."

మళ్లీ మెడ తిరిగింది. ఆమె దాచుకోలేదు. అది ఆగగానే మళ్లీ అక్క కళ్లలోకే చూసింది. అక్క పసుపును తిరిగి కొంగున ముడేసుకుంది. "మొండి పోరివి," అని గొణిగి, "ఎన్నడు మొదలుపెడ్తవ్?" అంది.

రేడియేషన్ అయ్యాక వచ్చిన రెండో వానాకాలం మధ్యలో బావ పోయాడు. కర్మకాండ నాడు ఎవరో, "దవాఖానోళ్లు మోసం చేసిండ్రు" అనగానే అక్క గద్దించింది: "గా పిల్ల నాతోని ఒక్క అబద్ధం చెప్పలే!"

ఇప్పటికీ జబ్బు మనిషి మంచం పక్కన కూర్చుంటే, తీపి మాటొకటి నాలుక చివరిదాకా వస్తుంది. మింగేస్తాను. తెలియనిది తెలియదనే చెప్తాను, చూపు తిప్పుకోకుండా.